ఎండుచేపల బేరము: మామిడి పనులకు ముందే కొనదగినది

బంగారుపాళ్యమనగానే మామిడి గుర్తునకు వచ్చును. మామిడి కాలమున తోతాపురి కాయల బండ్లతో అచటి మార్కెట్టు యార్డు నిండిపోవును. ఆ రోజులలోనే కాయకోత కూలీలకును, ఇంటివారికిని రాగిసంగటిలోనికి ఎండుచేపల పులుసు ఎక్కువగా కావలసివచ్చును. మామిడికాయ ముక్కలు వేసిన నెత్తళ్ళ పులుసు రుచి ఈ సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే సముద్రమునకు సుమారు 150 కిలోమీటర్ల దూరముననున్న మనము ఎండుచేపలను అంగడివాని మాటపైననే కొనుచున్నాము. ఎప్పుడు కొనవలెను, ఎట్లు చూచి కొనవలెను అను రెండు విషయములు తెలిసినచో డబ్బును, ఆరోగ్యమును కాపాడుకొనవచ్చును.

ఎప్పుడు కొనవలెను?

చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధము. అనగా మన మామిడి పనులు మొదలగు వేళకు తీరమున కొత్త సరుకు తగ్గును. ధర పెరుగుటకు అవకాశము హెచ్చును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు నెల్లూరు, తమిళనాడు తీరములలో ఈశాన్య ఋతుపవన వర్షములు పడును. అప్పటి చేప సరిగా ఎండదు. కావున మంచి ఎండలు కాయు ఫిబ్రవరి, మార్చి నెలలలో రెండు మూడు నెలలకు సరిపడు సరుకు కొనుట మేలు.

ఎట్లు చూచి కొనవలెను?

పచ్చిచేపలో నూటికి 70 నుండి 80 పాళ్ళు నీరే. కావుననే సుమారు నాలుగైదు కిలోల పచ్చి నెత్తళ్ళు ఎండి ఒక కిలో అగును. మాంసకృత్తులు అందులో చిక్కబడియుండును. ముల్లుతో తినుటచే సున్నపు ధాతువు కూడ లభించును. నీరు, ఇసుక, ఉప్పు మిగిలినచో మనము వానికే ధర చెల్లించుచున్నాము. కిలో 300 రూపాయల సరుకులో 200 గ్రాములు ఇసుకయే అయినచో అసలు చేప ధర కిలోకు 375 రూపాయలు పడినట్లే.

1. నెత్తలిని వంచిన పుటుక్కున విరుగవలెను. మెత్తగా వంగినచో తడి ఉన్నదన్నమాట.

2. గుప్పెడు చేపలను తెల్లగుడ్డపై రుద్ది విదిలింపుడు. ఇసుక బయటపడును.

3. పెద్ద ఉప్పుచేపను బొటనవ్రేలితో నొక్కిన గుంట పడరాదు. ఎఱ్ఱని జిగురు ఉప్పులో పెరుగు సూక్ష్మజీవులకును, గోధుమ, నలుపు చుక్కలు బూజునకును గుర్తు.

4. రంధ్రములు, పొడి కనబడినచో పురుగు పట్టినదని తెలియవలెను. పురుగుమందు వాసన తగిలినచో ఎంత చౌకయైనను కొనరాదు. కడిగినంత మాత్రమున మందు పోవునని నమ్మరాదు.

5. కోళ్ళమేతకై ఇసుకపై ఎండబెట్టిన సరుకు మనుష్యులు తినదగినది కాదు.

మందు కలిపిన సరుకు అమ్ముచున్నట్లు కనబడినచో ఆహార భద్రతా అధికారికి తెలుపవచ్చును.

ఇతర దేశపు పాఠము

ఫిలిప్పీన్సు దేశమున సెబూ నగరములోని తబోఅన్ అంగడి ఎండుచేపలకు ప్రసిద్ధి. అచట దంగిత్ అను చిన్నచేపను పలుచగా చీల్చి ఎండబెట్టుదురు. చీల్చిన చేప లోపలివరకు త్వరగా ఎండును. మన అంగడిలోను పెద్దచేప కొనునపుడు వెన్నెముక వరకు చీల్చినదానినే అడుగవలెను. 1957లో నెలకొల్పబడిన కొచ్చిన్ కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ నేలపై గాక పందిళ్ళపైనను, సౌరశక్తి యంత్రములలోను ఎండబెట్టుటను ప్రోత్సహించుచున్నది. అట్టి సరుకునకు ఇసుక అంటదు.

ఇంట నిలువ చేయుట

తెచ్చిన చేపలను ఒక పూట మంచి ఎండలో ఉంచి, చల్లారిన పిదప మూత బిగుతుగల డబ్బాలో పోయవలెను. నెలకొకసారి తిరిగి ఎండబెట్టవలెను. ఎరువుల సంచులలోను, పురుగుమందులున్న గదిలోను ఉంచరాదు. రక్తపుపోటు గలవారు ఉప్పుచేపను తగ్గించవలెను. తిన్నను, నానబెట్టి ఆ నీరు పారబోసి వండుకొనవలెను.

పొదుపు సంఘముల స్త్రీలు పదిమంది కలసి వేట నిషేధమునకు ముందే తీరపు వర్తకుని వద్ద ఒక మూట కొని పంచుకొన్న ఇంకను కలిసివచ్చును. గ్రామ సచివాలయ ఉద్యోగులు ఈ ఏర్పాటునకు తోడ్పడవచ్చును. ఏడాదంతా కష్టపడి పండించిన కాయకు మార్కెట్టులో ధర నిర్ణయించుట రైతు చేతిలో లేకపోవచ్చును. తాను కొను సరుకును విరిచి, విదిలించి చూచుట మాత్రము అతని చేతిలోనిదే.