ర్యామ్ 4 ఎంబీ ఉన్నా పాత డాస్ గేమ్ ‘మెమరీ చాలదు’ అని ఎందుకంటుంది?

అటక మీద నుంచి దించిన 486 కంప్యూటర్ ఆన్ అవుతుంది. స్క్రీన్ మీద 4 ఎంబీ ర్యామ్ లెక్క కూడా సరిగ్గానే కనిపిస్తుంది. కానీ గేమ్ పేరు టైప్ చేసి ఎంటర్ నొక్కితే, మెమరీ సరిపోవడం లేదంటూ మళ్లీ డాస్ ప్రాంప్ట్ దగ్గరకే వచ్చి ఆగుతుంది. ర్యామ్ పోయిందనుకుని చాలామంది ఆ యంత్రాన్ని తుక్కుకు వేసేస్తారు.

చాలాసార్లు అందులో చెడిపోయినదేమీ ఉండదు. ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన జంషెడ్‌పూర్‌లో, భుయ్యాడీహ్‌లోని ఇంట్లో ఉన్న పీసీకైనా, విజయవాడలోని పీసీకైనా ఇక్కడ లెక్క ఒకటే. ర్యామ్ మొత్తం ఎంత ఉందన్నది కాదు, మొదటి 640 కేబీలో ఎంత ఖాళీ ఉందన్నదే ముఖ్యం.

640 ఎక్కడి నుంచి వచ్చింది?

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంటెల్ 8088 ప్రాసెసర్ ఉండేది. దానికి 20 అడ్రస్ లైన్లు. అంటే అది చూడగలిగే మెమరీ 1 ఎంబీ, అంటే 1,024 కేబీ మాత్రమే. అందులో పైభాగంలోని 384 కేబీని ఐబీఎం వీడియో కార్డు, బయోస్ వంటి వాటికి కేటాయించింది. డాస్‌కు, ప్రోగ్రామ్‌లకు మిగిలింది 640 కేబీ. దీన్నే కన్వెన్షనల్ మెమరీ అంటారు.

తర్వాత వచ్చిన 286, 386 ప్రాసెసర్లు అంతకు ఎన్నో రెట్ల మెమరీని వాడుకోగలవు. కానీ పాత ప్రోగ్రామ్‌లు నడవాలి కాబట్టి డాస్ ఆ 8088 కాలం నాటి పద్ధతినే పట్టుకుని ఉంది. ఇల్లు ఎంత పెద్దదైనా, చుట్టం కూర్చోవాల్సింది వసారాలోనే అన్నట్టుగా తయారైంది పరిస్థితి.

ఆ వసారాలోనే డాస్, మౌస్ డ్రైవర్, సీడీ డ్రైవర్, స్మార్ట్‌డ్రైవ్ వంటి డిస్క్ క్యాష్ అన్నీ తిష్ఠ వేస్తాయి. 1990ల తొలినాళ్ల పెద్ద గేమ్‌లకు కొన్నిసార్లు 600 కేబీ దాకా ఖాళీ కావాలి. అంత దొరకదు.

ఖాళీ చేయడం ఎలా?

ముందుగా ‘మెమ్ స్లాష్ సీ’ కమాండ్‌తో ఏ ప్రోగ్రామ్ ఎంత చోటు తీసుకుందో చూడాలి. చివర్లో కనిపించే, నడపగలిగే అతి పెద్ద ప్రోగ్రామ్ సైజే అసలు లెక్క. ఆ తర్వాత కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ ఫైళ్లకు కాపీలు తీసుకుని మార్పులు మొదలుపెట్టాలి. ఏదైనా తేడా వస్తే, డాస్ 6లో బూట్ సమయంలో ఎఫ్5 నొక్కి ఈ రెండింటినీ దాటేయవచ్చు.

మొదటి మెట్టు హైమెమ్ డాట్ సిస్. దాన్ని లోడ్ చేసి ‘డాస్ ఈక్వల్ టు హై’ అని రాస్తే, డాస్‌లో ఎక్కువ భాగం 1 ఎంబీ దాటగానే ఉండే దాదాపు 64 కేబీ చోటులోకి వెళ్తుంది. 1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5 ఈ సౌకర్యం తెచ్చింది.

రెండో మెట్టుకు 386 లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. ఈఎంఎం386ను ‘నోఈఎంఎస్’తో లోడ్ చేసి, డాస్ లైనులో ‘యూఎంబీ’ చేరిస్తే, పైనున్న 384 కేబీలోని ఖాళీ సందులు వాడకంలోకి వస్తాయి. ఇక డ్రైవర్లను ‘డివైస్‌హై’, ‘లోడ్‌హై’లతో అక్కడికి పంపవచ్చు. పెద్ద వాటిని ముందు పంపితే సందులు బాగా నిండుతాయి. ఇదంతా తనంతట తానే చేసే మెమ్‌మేకర్ 1993లో డాస్ 6తో వచ్చింది.

అన్నిటికన్నా తేలికైన పని, అవసరం లేనివి తీసేయడం. హార్డ్ డిస్క్‌లోని గేమ్‌కు సీడీ డ్రైవర్ ఎందుకు?

అన్ని గేమ్‌లకూ ఒకే మందు లేదు

1990 నాటి ‘వింగ్ కమాండర్’ ఎక్స్‌పాండెడ్ మెమరీ ఉంటే దాన్ని వాడుకుంటుంది. అలాంటప్పుడు ‘నోఈఎంఎస్’ బదులు ‘ర్యామ్’ అని రాయాలి. 1992 నాటి ‘అల్టిమా 7’కు అసలు ఈఎంఎం386తోనే పొసగదు. దాన్ని తీసేసి, హైమెమ్ ఒక్కటే ఉంచాలి. అందుకే అప్పట్లో చాలామంది గేమ్‌కో బూట్ ఫ్లాపీ పెట్టుకునేవారు. డాస్ 6లో అయితే బూట్ మెనూ రాసుకోవచ్చు. 1993 డిసెంబరులో వచ్చిన ‘డూమ్’ ప్రొటెక్టెడ్ మోడ్‌లో నడిచి, 640 గోడను చాలావరకు దాటేసింది.

ఇప్పుడెందుకీ లెక్కలు?

64-బిట్ విండోస్‌లో 16-బిట్ డాస్ ప్రోగ్రామ్‌లు నేరుగా నడవవు. ఇంజినీరింగ్ విద్యార్థులు టర్బో సీ కోసం డాస్‌బాక్స్ వాడింది అందుకే. డాస్‌బాక్స్ సుమారు 630 కేబీ ఖాళీగానే అందిస్తుంది కాబట్టి అక్కడ ఈ తిప్పలు పెద్దగా ఉండవు.

అసలు యంత్రం మీద మాత్రం తప్పవు. ఆ యంత్రాలు ఏటేటా తగ్గిపోతున్నాయి. కొన్నింటిని మదర్‌బోర్డు మీది పాత బ్యాటరీ కారి తినేస్తోంది కాబట్టి, పెట్టె తెరవగానే ముందు దాన్ని చూడాలి. మిగతావి మాత్రం బాగుండీ తుక్కుకు పోతున్నాయి. రెండు చిన్న టెక్స్ట్ ఫైళ్లలో నాలుగైదు లైన్లు మారిస్తే, వాటిలో కొన్నయినా మళ్లీ గేమ్ తెరిచి చూపిస్తాయి.