మీకు తెలుసా? పింఛను ఫైళ్లలో మిగిలిన సిపాయిలు

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తలపడ్డ అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) పోరాడిన మామూలు సిపాయిలు ఇంటికి రాసుకున్న ఉత్తరాలు ఎన్నో ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే, వాళ్ల భార్యలూ తల్లులూ పెట్టుకున్న పింఛను అర్జీలే అందుకు కారణమని మీకు తెలుసా?

1862లో వచ్చిన చట్టం ప్రకారం ఉత్తరాది సైన్యంలో ప్రాణాలు పోగొట్టుకున్న సాధారణ సిపాయి భార్యకు నెలకు 8 డాలర్లు రావాలి. ఆ డబ్బు చేతికందాలంటే పెళ్లి జరిగిందని, పిల్లలు ఫలానా రోజున పుట్టారని రుజువు చూపాలి. పల్లెటూళ్లలో అలాంటి కాగితాలు ఎంతమంది దగ్గరుంటాయి? కొందరు పుట్టిన తేదీలు రాసిపెట్టుకున్న బైబిలు పేజీని చింపి పంపారు. కొందరు భర్త ఉత్తరాలనే అర్జీకి జతచేశారు. కొడుకు జీతం మీద బతికిన తల్లులు, తమకు డబ్బు పంపుతున్నట్టు ఆ కొడుకులు రాసిన ఉత్తరాలు పంపారు. అవి అలాగే వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉండిపోయాయి. పోయిన బిడ్డ చేతిరాతను నెలకు 8 డాలర్ల కోసం ఆఫీసుకు అప్పగించాల్సి వచ్చిందంటే కడుపు తరుక్కుపోతుంది. అయినా ఆ ఫైళ్లలో చేరబట్టే అవి చెదలకు, నిప్పుకు చిక్కకుండా బతికాయి.

అలాంటి ఒక ఫైల్లో 2016లో ఓ వలంటీరుకు రాబర్ట్ జాబో అనే సిపాయి ఉత్తరం దొరికింది. క్షయతో ఆసుపత్రిలో పడివున్న అతనికి రాయడం రాదు. 1866 జనవరిలో అతని తరఫున భార్యకు ఎవరో రాసిపెట్టారు. రాసినవాడు చివర తన పేరు కూడా పెట్టాడు: వాల్ట్ విట్మన్. వచన కవిత్వం చదివే తెలుగువాళ్లకు పరిచయం అక్కర్లేని ఆ మహాకవి, వాషింగ్టన్ ఆసుపత్రుల్లో మంచాల పక్కన కూర్చుని సిపాయిలకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు.

ఆ రోజుల్లో సిపాయిల ఉత్తరాలకు తర్వాతి యుద్ధాల్లోలా క్రమం తప్పని సెన్సారు లేదు. అందుకే తిండి బాగాలేదన్న మాటా, పై అధికారి మీద కోపమూ, విరేచనాల బాధా ఏదీ దాచకుండా రాశారు. ఆ యుద్ధంలో గుండు తగిలి పోయినవాళ్ల కంటే రోగాలతో పోయినవాళ్లే ఎక్కువ. స్టాంపు దొరకని ఉత్తరాది సిపాయి, కవరు మీద అది సిపాయి ఉత్తరమని రాయించి పంపే వీలుండేది. డబ్బులు అందుకున్నవాళ్లు కట్టుకునేవారు. దక్షిణాదిలో కాగితం కరువైపోయి, రాసిన పేజీనే అడ్డంగా తిప్పి ఆ అక్షరాల మీదుగానే మళ్లీ రాసేవారు.

నల్లజాతి సిపాయిల కాగితాల గురించి విడిగా చెప్పుకోవాలి. 54వ మసాచుసెట్స్ దళంలోని జేమ్స్ హెన్రీ గుడింగ్ 1863 సెప్టెంబరు 28న నేరుగా అధ్యక్షుడు లింకన్‌కే ఉత్తరం రాశాడు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టల కింద 3 కోత. ఒకే యుద్ధం చేస్తున్నప్పుడు జీతంలో ఈ తేడా ఎందుకని గుడింగ్ అడిగాడు. అతని దళం అసలు ఆ తక్కువ జీతమే తీసుకోనని మొండికేసింది. 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ సమాన జీతం చట్టం చేసింది. అప్పటికే శత్రువుకు బందీగా చిక్కిన గుడింగ్ ఆ మరుసటి నెలలోనే చనిపోయాడు.

బానిసలుగా ఉన్నవాళ్ల పెళ్లిళ్లకు చట్టంలో విలువ లేదు కాబట్టి వాళ్ల వితంతువులకు పింఛను ఇంకా కష్టమైంది. పెళ్లికి వచ్చినవాళ్లను, పురుడు పోసిన మంత్రసానులను సాక్షులుగా తెచ్చుకోవాలి. ఆ వాంగ్మూలాల్లో ఎవరి తోటలో ఎవరు పుట్టారో, ఎవరిని ఎప్పుడు అమ్మేశారో అన్నీ రికార్డయ్యాయి. బానిసత్వం గురించి బానిసల నోటి మాటగానే మిగిలిన దస్తావేజుల్లో ఇంత విలువైనవి తక్కువ.

గుడింగ్ చనిపోయింది జార్జియాలోని ఆండర్సన్‌విల్ యుద్ధ ఖైదీల శిబిరంలో. 14 నెలల్లో అక్కడ దాదాపు 13,000 మంది పోయారు. వాళ్ల పేర్లు మనకు తెలియడానికి ఇరవై ఏళ్లయినా నిండని ఓ ఖైదీ కారణం. అతని పేరు డోరెన్స్ ఆట్‌వాటర్. అతని చేత అక్కడి ఆసుపత్రిలో మరణాల పద్దు రాయించేవారు. అసలు పద్దు కుటుంబాలకు ఎప్పటికీ చేరదేమోనన్న భయంతో అతను రహస్యంగా మరో నకలు రాసుకున్నాడు. విడుదలయ్యాక కోటు లోపలి గుడ్డలో దాచి బయటికి తెచ్చాడు. 1865 వేసవిలో, తప్పిపోయిన సిపాయిల ఆచూకీ వెతుకుతున్న క్లారా బార్టన్‌తో కలిసి అక్కడికి వెళ్లి, సమాధుల మీది అంకెలను జాబితాతో సరిచూసి పేరు పలకలు పెట్టించాడు. గుర్తు తెలియనివారుగా మిగిలింది 460 మందే. ఇంత చేసినవాడికి ప్రభుత్వం ఇచ్చిన బహుమానం జైలు! ప్రభుత్వానికి అప్పగించిన తన జాబితాను తనే తిరిగి తీసుకున్నందుకు దొంగతనం కేసు పెట్టింది. ఇది పచ్చి అన్యాయం. అతను బయటికొచ్చాక, 1866లో న్యూయార్క్ ట్రిబ్యూన్ ఆ జాబితాను అచ్చువేసింది.

క్లారా బార్టన్ సంగతి కూడా చెప్పాలి. తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించింది ఈమే. వాషింగ్టన్ సెవెన్త్ స్ట్రీట్‌లో అద్దె గదుల్లో ఉంటూ, తప్పిపోయిన సిపాయిల కోసం ఆఫీసు నడిపింది. మూడేళ్లలో 63,000కు పైగా ఉత్తరాలకు జవాబులు పంపి, 22,000 మందికి పైగా ఏమయ్యారో తేల్చింది. ఆ గదులను అందరూ మరిచిపోయారు. 1990లలో ఆ భవనాన్ని కూలగొట్టే ముందు చూడ్డానికి వచ్చిన ఓ వడ్రంగికి అటక మీద ఆమె ఆఫీసు బోర్డు, కాగితాలు కనబడ్డాయి. కూల్చివేత ఆగింది. ఇప్పుడది మ్యూజియం.

మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డ వర్జీనియాలోని షాంటిలీలో 1862 సెప్టెంబరు 1న ఈ అంతర్యుద్ధపు పోరు ఒకటి జరిగింది. మనాసస్ యుద్ధభూమి అక్కడికి దగ్గరే. పిల్లల్ని చూడ్డానికి అటు వెళ్లే పెద్దలు వాషింగ్టన్‌లో శ్వేతసౌధం ముందు ఫొటో దిగి వచ్చేయకుండా, సెవెన్త్ స్ట్రీట్‌లో బార్టన్ గదులున్న మూడో అంతస్తు దాకా ఒకసారి మెట్లెక్కి రండి.