ఉద్యోగ వేటలో ఊరి పాట

పలాసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగారా? పగలంతా కోచింగ్, రాత్రికి హాస్టల్. రెండో నెలకే ఊరి మీద బెంగ. అమ్మవారి సంబరాల్లో విన్న జముకులకథ, తప్పెటగుళ్లు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి?

వెతికితే జానపదం ఇక్కడా ఉంది. మాదాపూర్ శిల్పారామంలో శని, ఆదివారాల సాయంత్రం ప్రదర్శనలుంటాయి. జానపదం ఏ రోజో ముందే కనుక్కోండి. రవీంద్రభారతి కార్యక్రమాల మీదా ఓ కన్నేయండి. ఆషాఢ బోనాల్లోనైతే టికెట్ లేకుండానే డప్పు వినొచ్చు. విశాఖలో ఉంటే మధురవాడ శిల్పారామానికి వెళ్లండి.

‘చదువు పాడవుతుందేమో’ అనుకోకండి. ఉత్తరాంధ్ర పాటను ఊరూరా వినిపించిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేసినవారే. వారానికో సాయంత్రం పాటకిస్తే మిగతా ఆరు రోజులూ చదువు తేలికవుతుంది.

ఈసారి టెక్కలో, మందసో వెళ్లినప్పుడు మీ ఊరి బృందం ఫోన్ నంబరు రాసుకోండి. కాలేజీ ఫెస్ట్‌కో, సిటీలో మనవాళ్ల వేడుకకో కళాకారులు కావాలంటే ఆ నంబరివ్వండి. దారిఖర్చులు, పారితోషికం ముందే మాట్లాడిపెట్టండి. మీకు ఉద్యోగం వచ్చేలోపు వాళ్లకో పని దొరుకుతుంది!