అరిగిన భుజమునకు కృత్రిమ సంధి

చేయి పైకెత్తి తల దువ్వుకొనుట, అటకమీది బిందె దించుట, వీపువెనుకకు చేయి పోనిచ్చి ముడి వేసికొనుట నొప్పి లేనినాడు ఎవ్వరికిని గొప్ప పనులుగా తోచవు. భుజసంధి అరిగిన వృద్ధులకు మాత్రము ఇవి యన్నియు ప్రయాసలే. రాత్రి ఆ ప్రక్కకు ఒత్తిగిలి పండుకొనుటయు సాధ్యము కాదు. మందులు, వ్యాయామము, కీలులోనికిచ్చు సూదిమందు ఇవేవియు పనిచేయనపుడు వైద్యులు కీలుమార్పిడి మాట ఎత్తుదురు. ఇంట తెలుగును, ఆసుపత్రిలో వేరొక భాషను వినవలసిన మన కుటుంబములలో ఆ మాటలను అవ్వకు తెలియజెప్పు భారము తరచుగా బడికిపోవు మనుమలపైననే పడును. కావున ఈ చికిత్సలోని భేదములను, వాని ఫలితములను కొంత వివరముగా చెప్పదలచితిని.

భుజసంధి ఒక గుండును, ఒక గుంటయు కలసిన కీలు. దండచేయి ఎముక పైకొన గుండ్రముగా నుండును. రెక్క ఎముకయందు దానికి తగిన గుంట కలదు. తుంటికీలులో గుంట లోతైనది. గుండును చిప్పవలె పట్టియుంచును. భుజములో నట్లు కాదు. చిన్న చెంచాలో పెద్ద నిమ్మపండును నిలిపినట్లుండును. అందుచేతనే చేయి అన్ని దిక్కులకును తిరుగగలదు. అందుచేతనే సులభముగా తొలగిపోవును గూడ. ఆ నిమ్మపండు జారిపోకుండ నాలుగు కండరముల స్నాయువులు దానిని చుట్టుకొని పట్టియుంచును. వైద్యులు వీనిని రొటేటర్ కఫ్ అందురు. ఏ శస్త్రచికిత్స చేయవలయునను ప్రశ్నకు సమాధానము చాలవరకు ఈ స్నాయువుల స్థితిలోనే యున్నది.

కృత్రిమ భుజమును అమర్చు ప్రయత్నము మిక్కిలి పాతది. 1893లో పారిస్ నగరమున ష్యూల్ ఎమీల్ పేయాన్ అను వైద్యుడు, క్షయవ్యాధిచే భుజసంధి చెడిన ఒక రొట్టెలు కాల్చువానికి ప్లాటినము, గట్టిపరచిన రబ్బరులతో చేసిన కీలును అమర్చెను. ఎక్సు కిరణములు కనుగొనబడుటకు రెండేండ్ల ముందటి మాట ఇది! క్రిమిదోషము విడువకుండుటచే సుమారు రెండేండ్లకు దానిని తీసివేయవలసివచ్చెను. పిదప న్యూయార్కులో చార్లెస్ నీర్ అను వైద్యుడు, ముక్కలైన ఎముక గుండునకు బదులు లోహపు గుండును అమర్చి, 1955లో ఆ ఫలితములను ప్రకటించెను. గుండును మాత్రమే మార్చు ఈ పద్ధతిని అర్ధమార్పిడి యనవచ్చును. 1974 నాటికి ఆయనయే, అరిగిన కీళ్ళలో గుండును లోహముతోను, గుంటను ప్లాస్టిక్కుతోను మార్చిన ఫలితములను గూడ వెల్లడించెను. ఇది సంపూర్ణమార్పిడి.

ఈ రెండింటిలో ఏది మేలు? అర్ధమార్పిడిలో లోహపు గుండు రోగి సొంత గుంటపై రాపిడి సల్పును. గుంట క్రమముగా అరిగి నొప్పి తిరిగివచ్చుట కలదు. అరుగుదల వ్యాధి గలవారికి గుంటను గూడ మార్చినచో నొప్పి మరింత బాగుగా తగ్గునని పలు పరిశీలనలలో తేలినది. అయితే సంపూర్ణమార్పిడికి ఒక నిబంధన కలదు: స్నాయువులు దృఢముగా నుండవలెను. అవి చినిగినచో గుండు పైకి జరిగి ప్లాస్టిక్ గుంట అంచుపై ఒత్తును. పాతిన గుంజను దినదినము అటునిటు కదలించినచో ఏమగునో అదియే దానికిని అగును, కొంతకాలమునకు వదులగును.

మరి స్నాయువులు ముందే చినిగిపోయిన వృద్ధుల గతి యేమి? వీరికి చాలకాలము సరియైన చికిత్స లేకుండెను. నూతి గిలకకు ఇరుసు సడలినచో త్రాడు లాగినపుడు బొక్కెన రాక గిలకయే ప్రక్కకు జరుగునుగదా! అట్లే పైనున్న డెల్టాయిడ్ కండరము లాగినపుడు చేయి లేవక గుండు పైకి జారును. 1985లో ఫ్రాన్సు దేశపు డిజోన్ నగరమున పాల్ గ్రామోన్ అను వైద్యుడు ప్రకృతి అమరికనే తలక్రిందులు చేసెను. గుండును రెక్క ఎముకకు బిగించి, గుంటను చేతి ఎముకపై అమర్చెను. దీనిచే భ్రమణకేంద్రము లోపలికిని క్రిందికిని జరిగినది. మీటయందు బలభుజము పొడవు పెరిగినచో తక్కువ బలము చాలునని విద్యార్థులు చదివియున్నారు. ఆ సూత్రము చొప్పుననే డెల్టాయిడ్ ఒక్కటియే చేయిని ఎత్తగలుగుచున్నది. దీనిని విపర్యయమార్పిడి యని పిలుతము. భుజముస్థాయికి చేయి ఎత్తజాలనివారు తలపైకి ఎత్తుట దీనిలోని విశేషము. కీలు తొలగుట, క్రిమిదోషము, భుజాగ్రమున ఎముక బీటవారుట దీనిలోని చిక్కులు.

ఫలితమును కొలుచుటకు వైద్యులు మనవలెనే మార్కులు వేయుదురు. 1987లో ప్రకటింపబడిన కాన్‌స్టంట్ పద్ధతిలో మొత్తము 100: కదలికకు 40, బలమునకు 25, నిత్యకృత్యములకు 20, నొప్పి లేమికి 15. అమెరికా వైద్యుల మరియొక పద్ధతిలో నొప్పికే 50 మార్కులు కలవు. రాత్రి నిద్రలేక బాధపడు అవ్వను అడిగినచో రెండవదియే న్యాయమనునేమో! ఒకే భుజమునకు రెండు పరీక్షలలో రెండు తీర్పులు రావచ్చును గనుక, మార్కులు చూచునపుడు ప్రశ్నపత్రమును గూడ చూడవలెను.

స్నాయువులు బాగున్నచో సంపూర్ణమార్పిడి, చినిగినచో విపర్యయమార్పిడి యనునది చాలకాలము నడచిన నియమము. ఇటీవల అదియు చర్చకు లోనైనది. స్నాయువులు బాగుండి 60 ఏండ్లు పైబడిన ఇంగ్లండు రోగులకు జరిగిన సుమారు 13,000 శస్త్రచికిత్సల వివరములను పోల్చి 2024లో ఒక పరిశీలనను ప్రకటించిరి. విపర్యయమార్పిడి పొందినవారికి మొదటి మూడేండ్లలో మరల కీలు మార్చవలసిన అవసరము తక్కువగా కనబడినది. తరువాతి కాలమున చెప్పుకోదగిన భేదము లేదు. రోగులు తాము చెప్పిన నొప్పి, పనితీరులందును రెండును ఇంచుమించు సమానమే. చీట్లు వేసి పంచిన పరీక్ష కాదు గనుక దీనిని తుది తీర్పుగా గైకొనరాదు.

వయస్సు మరియొక ముఖ్యవిషయము. ఇంగ్లండులోనే 1998 మొదలు జరిగిన శస్త్రచికిత్సలను లెక్కించి 2019లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 55–59 ఏండ్ల మధ్య కీలు మార్పించుకొనిన పురుషులలో సుమారు నలుగురిలో ఒకరికి జీవితకాలమున పునఃశస్త్రచికిత్స అవసరము కావచ్చును. 85 దాటిన స్త్రీలలో అది 37 మందిలో ఒకరికే. బరువుపని చేయు నడివయస్కుని వైద్యులు తొందరపడవద్దనుటకు కారణమిదియే.

పడి భుజము విరిగినవారి మాట వేరు. 2015లో ప్రకటింపబడిన బ్రిటిషు పరీక్షలో అట్టి 250 మందిని రెండు జట్లుగా విభజించి, ఒకరికి శస్త్రచికిత్సయు మరియొకరికి జోలెకట్టును ఇచ్చిరి. రెండేండ్లకు భేదము కనబడలేదు. అన్ని విరుపులకును ఇది వర్తింపదు గాని, కత్తి పట్టకుండుటయు ఒక చికిత్సయే యని తెలియుటకు చాలును.

శస్త్రచికిత్స పిమ్మట కొన్ని వారములు చేయి జోలెలోనే యుండును. తరువాత వ్యాయామము క్రమముగా సాగవలెను. మెరుగుదల ఏడాదివరకు కొనసాగవచ్చును. విపర్యయమార్పిడి జరిగిన పలువురు తలపైకి చేయి ఎత్తగలుగుదురు గాని, వీపువెనుకకు చేయి పోనిచ్చుట వారికి కష్టముగనే మిగిలిపోవచ్చును. జుట్టుముడి వేసికొనుట తిరిగివచ్చునా, రాదా యను ప్రశ్నను అవ్వ తరపున మనుమరాలు శస్త్రచికిత్సకు ముందే అడుగవలెను.