వ్యాయామమును దేహోష్ణమును

సాయంకాలము చెడుగుడు ఆడి వచ్చిన బాలుని చొక్కా తడిసి యొడలి కంటుకొని యుండును. ఇంటివారు చూచి విసుగుకొందురు. కాని యా చెమటయే వానిని క్షేమముగ నింటికి చేర్చినదన్న నతిశయోక్తి కాదు.

ఊరక కూర్చున్న మనుష్యుని దేహోష్ణము ఫారన్‌హీటు మానమున ఇంచుమించు 98.6 డిగ్రీలుండును. పరుగెత్తునప్పుడు కండరములు ఖర్చుపెట్టు శక్తిలో నాల్గవపాలు, ఒక్కొక్కప్పుడంతకన్న తక్కువయే, పనికి వచ్చును, మిగిలినదంతయు వేడియగును. తీవ్రముగ పరుగెత్తువానిలో పుట్టు వేడి, కూర్చున్నవానిలో పుట్టుదానికి పదిరెట్లు కావచ్చును. ఇది బయటికి పోవు త్రోవ లేకున్నచో అరగంట లోపలనే దేహోష్ణము 104 డిగ్రీలు దాటి ప్రాణాపాయము వాటిల్లును.

అట్లు జరుగకుండ కనిపెట్టి యుండునది మెదడు నడుగుభాగమున బాదముగింజయంత యున్న హైపోథాలమస్ అను నవయవము. తన్ను తాకి ప్రవహించు రక్తముయొక్క వేడిమిని, చర్మమునుండి నరములు తెచ్చు సమాచారమును గ్రహించి, యది రెండు పనులు చేయించును. మొదటిది, చర్మమునందలి సన్నని రక్తనాళములు విప్పారును. లోపలి వేడి రక్తముతో కూడ పైకి వచ్చి గాలిలో కలియును. ముఖము ఎఱ్ఱబాఱుట యిందువలననే. అయితే కండరములకును ఆ రక్తమే కావలయును. ఒక్క చెఱువునీటికై రెండు ఆయకట్టులు పోటీపడినట్లుండును. గుండె రెంటికిని సరఫరా చేయవలసి వేగముగ కొట్టుకొనును. మఱియు గాలియే దేహముకన్న వేడిగా నున్న దినమున ఈ యుపాయము పనికిరాదు. అప్పుడు మిగిలిన దిక్కు రెండవది యగు చెమటయే.

మన చర్మమున ఇరువది మొదలు నలువది లక్షల స్వేదగ్రంథులు గలవు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో ఇంచుమించు 580 కిలోకాలరీల వేడిని గొనిపోవును. "ఆవిరియైనచో" అను మాటను విద్యార్థులు గుర్తింపవలయును. నేలకు కారిపోయిన చెమట మనలను చల్లబఱుపదు. మట్టికూజాను చూడుడు: ఎండకాలపు పొడిగాలిలో దాని నీరు చల్లగా నుండును, ముసురుపట్టిన దినమున నంత చల్లబడదు. కూజా మాఱలేదు, గాలి మాఱినది.

దీనిని 1774వ సంవత్సరమున లండను నగరమున చార్లెస్ బ్లాగ్డెన్ అను వైద్యుడు చక్కగా నిరూపించెను. ఆయన 260 డిగ్రీలకు కాచిన పొడిగదిలో ఎనిమిది నిమిషములు నిలిచి సురక్షితముగ బయటికి వచ్చెను. ఆ విధముగ కాచిన గదిలో నుంచిన మాంసపుముక్క ఇంచుమించు అరగంటలో మిక్కిలిగ కాలెను! అచ్చటనే పాత్రలో నుంచిన నీరు మాత్రము ఎంతసేపటికిని మరుగలేదు, ఆవిరి లేచుచు వేడిని గొనిపోవుచుండుటచే. దానిపై కొంచెము నూనె వేసి యావిరి నడ్డగింపగా కొంతసేపటికి కుతకుత నుడికెను.

ఈ నూనెపొర కథ ముగిసినదనుకొనరాదు. 1912 జూలై 14వ తేదీన స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలందు మారథాను పరుగు మిక్కుటమైన యెండలో జరిగెను. పోర్చుగలు దేశీయుడగు ఫ్రాన్సిస్కో లాజరో ఇంచుమించు 30 కిలోమీటర్లు పరుగెత్తి పడిపోయి, మఱునాడు మరణించెను. అతడు ఎండ తగులకుండుటకై యొడలికి మైనము పూసికొనెనని చెప్పుదురు. చెమట వెలువడు ద్వారములనే మూసికొన్నవాని గతి బ్లాగ్డెన్ పాత్రలోని నీటి గతియే.

మైనము పూసికొననక్కఱలేదు. సముద్రతీరమునందలి ఉక్కపోత యా పనియే చేయును. గాలి తేమతో నిండియున్నప్పుడు చెమట ధారలుగా కారును గాని ఆఱదు. కావుననే రాయలసీమ పొడియెండలో నోర్చుకొన్న పరుగు, ఉష్ణమాపకము తక్కువ చూపుచున్నను, కోస్తాలో దుర్భరము కావచ్చును. బరువు తగ్గవలెనని మందపు దుస్తులు తొడిగి పరుగెత్తుట వట్టి తెలివితక్కువ. తగ్గునది నీరు గాని క్రొవ్వు గాదు.

నా బాల్యమున ఆటనడుమ నీరు త్రాగరాదని మాకు చెప్పెడివారు. అది పొరపాటు. గంటకు లీటరు, ఒక్కొక్కప్పుడంతకు మించియు చెమట పోవుచుండగా రక్తమే చిక్కబడి, చర్మమునకు పోవు పాలు తగ్గును. దాహమైనప్పుడు త్రాగనీయవలయును. అట్లని దాహము లేకయే బిందెలకొలది త్రాగుటయు మంచిది కాదు; రక్తమునందలి యుప్పు పలుచనై మెదడు వాచును.

ఆటలో నొకడు తడబడుచు, పొంతనలేని మాటలాడినచో దానిని అలసట యనుకొనవలదు. చర్మము తడిగా నున్నను వడదెబ్బ కావచ్చును. వెంటనే నీడకు చేర్చి, తల నీటిపై నుండునట్లు పట్టుకొని చల్లని నీటి తొట్టిలో నుంచవలయును. తొట్టి లేనిచో నొడలెల్ల తడిపి విసరవలయును. వైద్యునికి కబురంపుట ఆ పనితోపాటే జరుగవలయును గాని, వైద్యుడు వచ్చువఱకు చల్లబఱచుట యాపరాదు.

దేహము నేర్చుకొనును గూడ. దినదినము కొంచెము కొంచెముగ ఎండలో శ్రమించినచో పది పదునాలుగు దినములలో చెమట త్వరగా మొదలగును, అందు ఉప్పు తగ్గును, గుండె నెమ్మదించును. అభ్యాసము మానిన కొన్ని వారములలో నా లాభము పోవును. సెలవులనుండి తిరిగి వచ్చిన బాలురను మొదటి వారముననే పూర్తి పందెమునకు దింపకుండుట ఇందులకే.