ఇంటికప్పు కబుర్లు

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు ఎక్కణ్ణుంచి చూడాలో చెప్పలేదు. నన్నడిగితే పైనుంచి. గోడ ఎవరైనా లేపుతారు. ఎండావానలతో లెక్క తేలేది కప్పు దగ్గరే.

పొలంలో చౌడు కనిపిస్తే రైతు తల పట్టుకుంటాడు. రాయలసీమలో అదే చౌడుమట్టిని బండ్లకెత్తి ఇంటిమీదికి తోలేవారు. దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన కట్టెలు, అన్నిటిమీదా మందంగా మట్టి: అదీ మట్టిమిద్దె. చౌడులో సోడియం పాలు ఎక్కువ. తడవగానే సన్నని రేణువులు విడివడి సందులన్నీ మూసేస్తాయి. పైరుకు నీరు దిగనివ్వని ఆ పాడుగుణమే వానను ఇంట్లోకి దిగనివ్వదు. వానలకు ముందు మళ్ళీ కొంత మట్టి పరవాల్సిందే అనుకోండి. ఆ మిద్దెకే ఒక కంత ఉంటుంది, పేరు గవాచి. వెలుతురు లోపలికి రావాలన్నా, పొయ్యిపొగ బయటికి పోవాలన్నా అదే దారి. చినుకు పడిందంటే ఎవరో ఒకరు పరుగున మిద్దెక్కి దాన్ని మూయాలి. సంస్కృతంలో గవాక్షమంటే ఆవుకన్ను. సీమ ఇళ్ళు ఆ కంటిని నెత్తిన పెట్టుకున్నాయి.

గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిలిది పూర్తిగా ఎదురు వ్యవహారం. అక్కడ నాలుగువైపులా కప్పును లోపలికి వాల్చి, వానను ఇంటి నడిమధ్యకే పిలిచారు. చూరు కింద గంగాళాలు పెట్టుకుంటే ఆ పూటకు బావి దగ్గరికి వెళ్ళే పని తప్పేది. మిగిలిన నీళ్ళు తూములోంచి పోయేలోగా పిల్లల కాగితప్పడవలు రెండు మునిగేవి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టిల్లుకు అసలు మూలలే లేవు. గుండ్రటి మట్టిగోడ, మీద తాటాకు, నేల దాకా దిగివచ్చే చూరు. తుఫాను గాలికి ఎదురొడ్డే వెడల్పు గోడ లేదు, చుట్టూ జారిపోవడమే. ఎంత గొప్ప చుట్టం వచ్చినా గుమ్మం దగ్గర వంగాల్సిందే.

పెంకుల్లో రెండు కులాలు. గూనపెంకు కుమ్మరి సారెమీద పుట్టింది. గొట్టంలా తీసి, పచ్చిమీదే నిలువునా చీల్చి, కాలుస్తారు. ఒక వరస వెల్లకిలా, దానిమీద ఇంకో వరస బోర్లా పరుస్తారు. బరువే తప్ప పట్టు లేదు. కోతి ఒకసారి అటూ ఇటూ నడిచిందంటే ఆ ఏడాది వానల్లో ఇంటిల్లిపాదీ రాత్రంతా మంచాలు జరుపుకోవడమే. 1865లో బాసెల్ మిషన్‌వారు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి, ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చునే బల్లపరుపు పెంకు తీసుకొచ్చారు. పుట్టిందేమో మంగళూరులో, మనవాళ్ళకు మాత్రం అది బంగళాపెంకు. పాత ఇల్లు విప్పేచోట ఒక పెంకు తిరగేసి చూడండి, అచ్చుపోసిన ఫ్యాక్టరీ పేరు కనిపించవచ్చు.

చూరులు పోయాయి గానీ, చూరు పట్టుకుని వేలాడేవాళ్ళు పోలేదు. అపార్టుమెంట్లలో ఏది పట్టుకుంటున్నారో తెలీదు.

ఇక స్లాబు. మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. వేసింది గట్టిపడ్డాక కొత్త కాంక్రీటు పోస్తే సరిగ్గా అతుక్కోదు, ఆ గీత వెంబడే నీళ్ళు కారతాయి. అందుకే ఆ రోజు మేస్త్రీ మాటే వేదం, పనివాళ్ళందరికీ ఇంటివాళ్ళ భోజనం. అన్నీ అయ్యాక స్తంభాల పైన చువ్వలు మాత్రం కోయరు. అబ్బాయికి ఉద్యోగం రాగానే పై అంతస్తు వేస్తారట. మా వీధి చివరి డాబామీద అవి పాతికేళ్ళుగా తుప్పు పడుతున్నాయి. ప్రస్తుతం ఒక చువ్వకు బీరపాదు అల్లుకుంది, మరో రెంటికి బట్టల దండెం కట్టారు.