6.4 ఎర్ర తిత్తి తీతువు, పసుపు తిత్తి తీతువు: ఒక పోలిక

ఈ విభాగం చదివిన తరవాత మీరు రెండు తీతువు జాతులను క్షేత్రంలో గుర్తించగలుగుతారు. దగ్గరి జాతులు ఆవాసాన్ని ఎలా పంచుకుంటాయో వివరించగలుగుతారు.

రాత్రివేళ తీతువు కూస్తే అపశకునమని మీ ఊళ్ళో పెద్దలు అనడం వినే ఉంటారు. నిజానికి అది హెచ్చరిక కూత. నక్కో, కుక్కో, మనిషో గూటివైపు వస్తే పక్షి అలా అరుస్తుంది.

తెలుగు ప్రాంతాల్లో సాధారణంగా రెండు తీతువులు కనిపిస్తాయి. రెండూ వానెల్లస్ ప్రజాతికి చెందినవే.

6.4.1 గుర్తింపు లక్షణాలు

వానెల్లస్ ఇండికస్ పొడవు 32-35 సెం.మీ. తల, గొంతు, రొమ్ము నలుపు. కంటి ముందున్న చర్మపు తిత్తి, ముక్కు ఎరుపు. ముక్కు కొన మాత్రం నలుపు. కంటి వెనకనుంచి మెడ పక్కగా తెల్లని పట్టీ దిగుతుంది. వానెల్లస్ మలబారికస్ చిన్నది, 26-28 సెం.మీ. నల్లని నడినెత్తి చుట్టూ సన్నని తెల్లగీత, కంటి ముందు పసుపు తిత్తి ఉంటాయి. రొమ్ము గోధుమరంగు. కాళ్ళు రెండింటికీ పసుపే. కాబట్టి కాళ్ళను చూసి నిర్ణయించకండి.

6.4.2 ఆవాసం

ఎర్ర తిత్తి తీతువు చెరువుగట్లు, వరిమళ్ళు, కాలువల దగ్గర తిరుగుతుంది. పసుపు తిత్తి తీతువు నీటికి దూరంగా, మెట్టచేలలో, బీళ్ళలో ఉంటుంది. రెండింటికీ కీటకాలే ముఖ్యాహారం. అయినా మేతకు తిరిగే నేల వేరు కావడంవల్ల వాటిమధ్య పోటీ తగ్గుతుంది. దీనినే ఆవాస విభజన అంటారు.

6.4.3 ప్రత్యుత్పత్తి

రెండూ నేలమీద చిన్న గుంటలో, సాధారణంగా నాలుగు గుడ్లు పెడతాయి. మచ్చలున్న ఆ గుడ్లు మట్టిలో కలిసిపోతాయి. ఎండ తీవ్రమైనప్పుడు తల్లిదండ్రులు పొట్ట ఈకలను నీళ్ళలో తడిపి వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. పిల్లలు పొదిగిన కొద్దిసేపటికే నడవగలవు.

ఈ రక్షణలోనే ఒక ప్రమాదం ఉంది. శత్రువుకు కనిపించని గుడ్డు నాగలికీ, ట్రాక్టరుకూ కనిపించదు. పసుపు తిత్తి తీతువు గుడ్లు పెట్టేది ఎక్కువగా తొలకరికి ముందు. రైతు దుక్కి మొదలుపెట్టేదీ దాదాపు అప్పుడే. బీళ్ళు ఇళ్ళస్థలాలుగా మారితే ముందు చోటు కోల్పోయేది ఈ పక్షే. చెరువుగట్టు ఉన్నా దానికి అది ప్రత్యామ్నాయం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రెండు జాతులను వేరుచేసే మూడు లక్షణాలు రాయండి.
2. మీ ఊరి చెరువుగట్టునూ, ఒక బీడునూ ఉదయం పరిశీలించండి. ఎక్కడ ఏ తీతువు కనిపించిందో నమోదు చేయండి. పక్షి అరుస్తూ మీచుట్టూ తిరిగితే గూడు దగ్గరలోనే ఉందని గ్రహించి, అడుగు చూసి వేస్తూ వెనక్కి రండి.